కర్నూలు ఎండకు స్కూటర్‌లో చిక్కటి ఇంజిన్ ఆయిల్ పోయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: యాక్టివా 6జీ కొని మూడేళ్లయింది. బండితో వచ్చిన పుస్తకంలో 10డబ్ల్యూ-30 ఎంబీ అని రాసుంది. మీ వీధిలో మెకానిక్ మాత్రం "మన ఎండకు అది నీళ్లయిపోతుంది సార్, 20డబ్ల్యూ-40 పోస్తా" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పుస్తకం మాటే వినండి. నాదీ కర్నూలే. కల్లూరు నుంచి ఓర్వకల్లుకు ఏళ్లుగా యాక్టివా మీదే డ్యూటీకి పోయొస్తున్నా, మే నెల మిట్టమధ్యాహ్నం కూడా. 10డబ్ల్యూ-30 తప్ప వేరేది పోయించలేదు. ఇంజిన్ ఇంతవరకు విప్పే పని పడలేదు.

మెకానిక్ చెప్పేదాంట్లో అసలు విషయమే లేదని అనను. వేడికి ఆయిల్ పలచబడుతుంది, నిజమే. కానీ ఆ 30, 40 అనే అంకెలు ఎక్కడ కొలుస్తారో చూడండి. 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉందో చూసి ఇచ్చే గ్రేడ్ అది, అంకె పెద్దదైతే ఆయిల్ చిక్కన. మన ఎండ 44 దాటితేనే అమ్మో అంటాం. ఇంజిన్ లోపలి ఆయిల్ ఏ ఊళ్లోనైనా అంతకు రెట్టింపు వేడిలో పనిచేయాల్సిందే. బెంగళూరులో తిరిగే యాక్టివాకూ మన యాక్టివాకూ బయటి గాలిలో ఉండే తేడా పది, పన్నెండు డిగ్రీలు. ఫ్యాన్ గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి ఆ తేడా లోపలికీ కొంత చేరుతుంది, కాదనను. దేశమంతా ఒకే బండి అమ్మేవాళ్లు ఆ మాత్రం లెక్క చూసుకునే గ్రేడ్ రాస్తారు.

ఇక ముందున్న 10డబ్ల్యూ సంగతి. ఆ డబ్ల్యూ చలికి గుర్తు. 10డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. సంక్రాంతి పొద్దున కూడా మనకు స్వెటర్ చాలు, ఆ చలి మన ఊరికి యాడ వస్తుంది? కాబట్టి మొదటి అంకె గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. రెండో అంకె ముఖ్యం. అవసరానికి మించి చిక్కటి ఆయిల్ పోస్తే దాన్ని తిప్పడానికే ఇంజిన్ కొంత బలం ఖర్చు పెడుతుంది. బండి కాస్త బరువుగా లాగినట్టు ఉంటుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది. వెంటనే ఏదీ పాడైపోదు, అందుకే చాలామందికి తేడా తెలియదు.

నన్నడిగితే ఈ అంకెల కంటే ఎంబీ అనే రెండు అక్షరాలను ఎక్కువ పట్టించుకోవాలి. ఇది జపాన్ వాళ్ల జాసో ప్రమాణం. స్ప్లెండర్, పల్సర్ లాంటి బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే ప్లేట్లు పట్టు తప్పుతాయి. వాటికోసం ఎంఏ, ఎంఏ2 రకాలు చేస్తారు. స్కూటర్ క్లచ్ బెల్టుతో పాటు వేరే పెట్టెలో పొడిగా ఉంటుంది, ఆయిల్ దాన్ని తాకదు. అందుకని రాపిడి బాగా తగ్గించే ఎంబీ ఆయిల్ మనకు సరిపోతుంది. షెడ్డులో ఒక పెద్ద డబ్బా పెట్టుకుని వచ్చిన ప్రతి బండికీ అదే పోసేవాళ్లున్నారు చూడండి, అది దాదాపు ఎప్పుడూ బైకుల ఎంఏ ఆయిలే. స్కూటర్‌లో పోస్తే కొంప మునగదు, రావాల్సిన లాభం రాదంతే. తిరగేస్తేనే కష్టం: మీ ఎంబీ డబ్బాలో మిగిలింది కదా అని ఇంట్లో ఉన్న బైకులో పోశారంటే క్లచ్ జారడం మొదలవుతుంది.

బ్రాండ్ ఏదైనా పర్వాలేదు. 10డబ్ల్యూ-30, ఎంబీ సరిపోయి, ఏపీఐ గ్రేడ్ (డబ్బా మీద ఎస్ అక్షరంతో మొదలయ్యే నాణ్యత గుర్తు) పుస్తకంలో ఉన్నదో అంతకంటే పైదో ఉంటే చాలు. ఎస్ఎల్ కంటే ఎస్ఎం, దానికంటే ఎస్ఎన్ కొత్తవి. రోజూ ఆఫీసుకు, మార్కెట్‌కు తిరిగే 110 సీసీ బండికి ఖరీదైన ఫుల్ సింథటిక్ ఆయిల్ అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ డబ్బుతో సమయానికి రెండుసార్లు మామూలు ఆయిల్ మార్చుకోవచ్చు. డబ్బా సీలు మాత్రం మీ కళ్ల ముందే తీయించండి. ఖాళీ డబ్బాకు బొక్క పెట్టించి రండి, మళ్లీ నింపి అమ్మకుండా.

ఇంకో సంగతి, ఇది నా బండికే జరిగింది. ఒక షెడ్డులో కొలత చూడకుండా లీటరు డబ్బా మొత్తం కుమ్మరించాడు. యాక్టివాలో ఆయిల్ మార్చినప్పుడు పట్టేది 700 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. ఎక్కువైన ఆయిల్ లోపల నురగ కట్టి, ఇంజిన్ లోపలి ఆవిరి పోయే బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి చేరింది. పికప్ పోయింది, పొగ వచ్చింది. ఆ మెకానిక్ చూసి "పిస్టన్ రింగులు పోయినాయి, ఇంజిన్ విప్పాలి" అన్నాడు. ఇంకో చోట చూపిస్తే ఎక్కువున్న ఆయిల్ తీసేసి కొత్త ఫిల్టర్ వేశారు, అంతటితో సరిపోయింది. అందుకని ఆయిల్ పోశాక లెవల్ మీరే చూసుకోండి. చదునైన చోట సెంటర్ స్టాండ్ వేసి, మూడు నాలుగు నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆపండి. రెండు మూడు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మూతకుండే కొలత పుల్ల) తుడిచి పెట్టండి, మర తిప్పకుండా. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి.

ఎప్పుడు మార్చాలంటే, పుస్తకంలో రాసిన కిలోమీటర్లు గానీ నెలలు గానీ, ఏది ముందొస్తే అప్పుడు. మీరు బేతంచెర్ల వైపు బండల ఫ్యాక్టరీల దుమ్ములో తిరిగేవాళ్లయితే ఇంకాస్త ముందే మార్చండి. రాజ్ విహార్, సి.క్యాంప్ మధ్య రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేసేవాళ్లకూ అదే మాట, ఇంజిన్ సరిగా వేడెక్కక తేమ, పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఈ స్కూటర్లో కారులా కాగితం ఆయిల్ ఫిల్టర్ ఉండదు, చిన్న జాలీ మాత్రమే. సన్నటి మురికంతా ఆయిల్‌తోనే బయటికి పోవాలి. దుమ్ము ఎక్కువున్న చోట ఎయిర్ ఫిల్టర్ కూడా తొందరగా నిండుతుంది. దాన్ని గాలి కొట్టి మళ్లీ పెట్టనివ్వకండి, జిగురు పూసిన కాగితం అది, కొత్తది వేయాల్సిందే. ఆయిల్ నల్లబడిందని మాత్రం భయపడొద్దు, మసిని కడిగి తనలో పెట్టుకోవడం దాని పనే.

20డబ్ల్యూ-40 ఎప్పుడు పోయొచ్చంటే, బండి బాగా పాతబడి, ఆయిల్ తాగుతూ, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంటే. అదీ రింగులు మార్పించేదాకా నెట్టుకురావడానికే. మూడేళ్ల బండికి ఆ వైద్యం అక్కర్లేదు.

ఈసారి షెడ్డుకు పోయినప్పుడు గేర్ ఆయిల్ సంగతి కూడా అడగండి. వెనక చక్రం దగ్గర వేరే పెట్టెలో 100 మిల్లీలీటర్ల పైచిలుకు ఆయిల్ ఉంటుంది, దాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోని బండ్లు మన ఊళ్లో బోలెడు. అందులో ఏ ఆయిల్ పోయాలో కూడా అదే పుస్తకంలో ఉంటుంది.