ఉబెరాబాకీ ఒంగోలు ఎద్దుకీ సంబంధం ఏంటి, ఆ ఊరు దేనిమీద బతుకుతోంది?

ఉబెరాబా బ్రెజిల్‌లో మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో, సముద్రానికి చాలా దూరంగా ఉన్న ఊరు. జనాభా 3 లక్షల పైనే. 1820లో చర్చి పారిష్‌గా గుర్తింపు వచ్చింది, 1856లో నగరం అయింది, 1889లో రైలొచ్చింది.

అసలు కథ పశువులది. ఐరోపా జాతుల ఆవులు అక్కడి ఎండకీ పిడుదులకీ తట్టుకోలేకపోతుంటే, ఈ ప్రాంతపు రైతులు 1890ల నుంచి ఓడలెక్కి మన దేశానికి వచ్చి మూపురం ఉన్న పశువుల్ని కొని తీసుకెళ్లారు. అందులో మన ఒంగోలు జాతి అక్కడ 'నెలోర్' అయింది, అంటే మన నెల్లూరు పేరే! తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు చూస్తే మన ఎద్దని ఇట్టే గుర్తుపడతాం. 1960ల్లో ఒంగోలు దగ్గరి కరవది పేరుతో వెళ్లిన ఆబోతు సంతానం దేశమంతా పాకింది. ఈరోజు బ్రెజిల్ మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్, దాని సంకరాలే.

1945లో ఈ పశువుల ధరలు కుప్పకూలి చాలామంది దివాలా తీసినా ఊరు ఆ పని వదల్లేదు. జెబు (మూపురం ఉన్న పశువులు) పెంపకందారుల జాతీయ సంఘం ఆఫీసు ఇక్కడే, ఏటా పెద్ద పశు ప్రదర్శనా ఇక్కడే. వీర్యం, పిండాల వ్యాపారం కూడా పెద్దదే. వాటితోపాటు చెరకు, సోయా, ఫాస్ఫేట్ ఎరువుల ఫ్యాక్టరీలు. మన దగ్గర ఒంగోలు జాతి తగ్గిపోతుంటే అక్కడ ఇంత శ్రద్ధగా కాపాడుకోవడం చూసి నాకు సంతోషం, బాధ రెండూ కలుగుతాయి.