గేర్‌బాక్సు దించారు సరే, ఆయిల్ ఎక్కడిదో చూశారా?

సందేహం: నాన్నగారి 1983 అంబాసిడర్ మార్క్ 4 పెట్రోలు బండి క్లచ్ జారుతుంటే మెకానిక్ గేర్‌బాక్సు దించారు. క్లచ్ ప్లేటు ఆయిల్‌తో తడిసిపోయి ఉంది. వెనక సీలు పోయిందని ఆయన అంటున్నారు. నేనే చూద్దామని వైఫై ఎండోస్కోప్ కెమెరా (ఇరుకు సందుల్లోకి దూర్చి ఫోనులో చూసే సన్నటి కెమెరా) కొన్నాను. పెట్టె మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే యాప్ ఫైలు దిగింది. అది ఎస్సెమ్మెస్‌లు, కాంటాక్టులు చదివే అనుమతి అడుగుతోంది. ఇవ్వవచ్చా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

ఇవ్వకండి. ఆ ఫైలును వెంటనే తొలగించండి. కారణం తర్వాత చెబుతాను. ముందు ఆయిల్ సంగతి తేల్చాలి. గేర్‌బాక్సు కింద ఉన్న ఈ రెండు మూడు రోజులే మీకు అవకాశం. బిగించేశాక ఇంజిన్ వెనక భాగం మళ్లీ కంటికి కనబడదు.

‘కొత్త క్లచ్ వేయించాను, ఆరు నెలలకే మళ్లీ జారుతోంది’ అని పాత కార్ల యజమానులు నాకు రాస్తూనే ఉన్నారు. అన్నిచోట్లా జరుగుతున్నది ఒకటే. ప్లేటు మారుస్తారు, దాన్ని తడిపిన చోటును వదిలేస్తారు. ఇంత శ్రమపడి గేర్‌బాక్సు దించాక ఒక్క పూట ఆగి చూడకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

‘వెనక సీలు’ అన్న మాటను అలాగే నమ్మకండి. మీ బండిలోని 1489 సీసీ ఇంజిన్ ఇంగ్లండు నుంచి వచ్చిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ‘బి సిరీస్’ కుటుంబానిది. మీదాని లాంటి, ఆ కుటుంబంలోని మూడు బేరింగుల ఇంజిన్లలో క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) వెనక చివర ఈనాటి కార్లలో మాదిరి రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీదే మరచుట్టు లాంటి గాడి ఉంటుంది. షాఫ్టు తిరిగినంతసేపూ ఆ గాడి ఆయిల్‌ను లోపలికి, చాంబరు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వైపు నెడుతుంది. ఇంజిన్ ఆగాక నెట్టేదేమీ ఉండదు కనుక రాత్రికి నాలుగు చుక్కలు పడటం ఈ ఇంజిన్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. ప్లేటు తడిసేంతగా కారిందంటే మాత్రం వేరే తప్పు ఉంది.

ఆ తప్పు చాలాసార్లు గాలిది. పిస్టన్ రింగులు అరిగి మంట తాలూకు వాయువులు కిందికి దిగుతున్నా, లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం జిడ్డుతో పూడుకుపోయినా ఇంజిన్ లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది ఆయిల్‌ను వెంటబెట్టుకుని వెనక గాడి గుండా బయటపడుతుంది. అందుకే ముందు బ్రీదర్ విప్పించి శుభ్రంగా కడిగించండి. ఖర్చు లేని పని, అయినా ఎవరూ చేయరు. వెనక మెయిన్ బేరింగు అరిగితే షాఫ్టు కాస్త కిందికి కూర్చుంటుంది, గాడి చుట్టూ సందు పెరుగుతుంది. అప్పుడిక ఇంజిన్ దించాల్సిందే.

చుక్క రాలే చోటూ ఆయిల్ పుట్టే చోటూ ఒకటి కాకపోవచ్చు. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ పోయినా, మానిఫోల్డ్ చాటున ఇంజిన్ పక్కన ఉండే రెండు రేకు మూతల ప్యాకింగ్ ఎండిపోయినా ఆయిల్ వెనక్కి జారి, క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ కిందే చుక్క కడుతుంది. చాంబరు ప్యాకింగ్ వెనక కొసనున్న కార్కు ముక్క కూడా అనుమానించదగ్గదే. ఇంజిన్ వెనక ప్లేటు విప్పితే దాని ప్యాకింగ్, దాని చాటున ఉన్న బిరడాలు కూడా చూడండి. అసలు అది ఇంజిన్ ఆయిలేనా? నీళ్లతో కడిగితే పోయే ద్రవమైతే బ్రేక్ ఆయిల్. గంధకం ఘాటు కొడితే గేర్ ఆయిల్.

తడిసిన ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్లీ వేయనివ్వకండి. ప్లేటు మీది రాపిడి పొర, అంటే లైనింగ్, పీల్చుకున్న ఆయిల్ వేడికి మళ్లీ బయటికి వస్తుంది. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదనివ్వకుండా తడి గుడ్డతో తుడిపించండి.

ఇక మీరు అడిగిన యాప్. కెమెరా యాప్ లొకేషన్ అడిగితే దానికో కారణముంది. ఆండ్రాయిడ్‌లో చుట్టూ ఉన్న వైఫైలను వెతకడానికి చాలాకాలం ఆ అనుమతి తప్పనిసరిగా ఉండేది. ఎస్సెమ్మెస్‌లతో కెమెరాకు ఏం పని? మీ బ్యాంకు ఓటీపీలు వచ్చేది అక్కడికే. ఆర్టీఓ చలానా అంటూ వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఫోనులో వేసే ఫైళ్లు) నొక్కి తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఖాతాలు ఖాళీ చేసుకున్నారు. అలాంటి ఫైలును వాట్సాప్‌లో అనుమానించే మనిషి, పెట్టె మీద అచ్చయిన చదరపు కోడ్‌ను మాత్రం నమ్మేస్తున్నాడు. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. డబ్బు పెట్టి కొన్న వస్తువుతో వచ్చింది కదా అన్న ధీమాతో మనం తలుపు తీసేస్తున్నాం.

ఈ తరహా కెమెరాల తయారీ పద్ధతే నాకు నచ్చదు. తీగతో కలిపే యూఎస్‌బీ కెమెరాల్లో చాలావాటిని ల్యాప్‌టాప్ మామూలు వెబ్‌క్యామ్‌గానే గుర్తిస్తుంది. ఏ యాప్ కూడా అక్కర్లేదు. అంత సులువైన పనికి పాస్‌వర్డ్ లేని సొంత వైఫై, దానికి తోడు ఎవరు రాశారో తెలియని యాప్ తగిలించి అమ్ముతున్నారు. నలభై ఏళ్ల నాటి మీ ఇంజిన్‌ను ఏ ఊరి మెకానిక్కైనా పానాతో విప్పగలడు. ఆ యాప్‌ను నవీకరించడం మానేసిన రోజున ఈ కెమెరా పనికిరాని వస్తువైపోతుంది. వీలైతే తిరిగి ఇచ్చేసి తీగ ఉన్నది తీసుకోండి. మీ పనికి చిన్న అద్దం, టార్చి కూడా చాలు. ఇంజిన్‌ను కడిగి ఆరబెట్టి, బయటికి కనబడే ప్యాకింగుల అంచున ముఖానికి వాడే పౌడర్ చల్లి, బండి తయారయ్యాక పది నిమిషాలు నడిపితే తడి మొదలైన చోటు తెల్లటి పొడిలో నల్లగా కనబడుతుంది.

సందేహం: ఇలాంటి యాప్‌నే నేను నెల క్రితం వేసుకుని అన్ని అనుమతులూ ఇచ్చేశాను. ఇప్పుడేం చేయాలి? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

ముందు మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాలు (ఫోనుపై అదనపు అధికారమున్న యాప్‌లు ఉండేవి) తెరిచి ఆ యాప్ పేరుంటే అక్కడ ఆపి, ఆ తర్వాతే తొలగించండి. అక్కడ ఆపకపోతే కొన్ని యాప్‌లు తొలగించనివ్వవు. బ్యాంకు పాస్‌వర్డు, యూపీఐ పిన్ వేరే ఫోను నుంచి మార్చండి. ఖాతా వివరాల్లో మీరు చేయని లావాదేవీ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి, బ్యాంకుకూ చెప్పండి.