నీరెండ ఎప్పుడు, ఎవరికి

తమ్ముడూ,

కథ చదివిన. దేవరకొండ దగ్గరి పత్తిచేను బాగా కుదిరింది. "ఆహ్లాదకరమైన వాతావరణంలో కూలీలు పత్తి ఏరుతున్నారు" అన్న వాక్యం మాత్రం కొట్టెయ్యి. అది ఏ నెలకైనా, ఏ ఊరికైనా అతుకుతుంది. నీ చేనుకు కావలసిన మాట నీరెండ.

నీరెండ అంటే కాక లేని మెత్తని ఎండ. పొద్దున ఎండ ముదరకముందు, సాయంత్రం పొద్దు వాలినంక కాసేది. వాన పడుతుంటే కాసే ఎండ అనుకొని వాడేవాళ్లున్నారు. అది ఎండావాన, వేరు. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం నీరెండ కాసిందని రాస్తే పాలమూరు పాఠకుడు నిన్ను నమ్మడు.

మాట వేసి ఊరుకోకు, ఆ ఎండలో జరిగే పని చూపించు. మంచుతడి ఆరకముందే ఏరిన పత్తి తేమ పట్టి ఉంటుంది, కుప్పపోస్తే రంగు మారుతుంది. సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే అసలు కొనరు. అందుకే కూలీలు గట్టు మీద ఎండకు వీపు పెట్టి, కాయల మీది తడి ఆరేదాకా ఆగుతారు. ఒడికి చీర కొంగు బిగించుకునేది, నిన్నటి కూలి లెక్క మాట్లాడుకునేది అప్పుడే. ఆ కాసేపు సరిగ్గా రాస్తే 'హాయిగా' అన్న మాటతో పనే లేదు.

ఆ హాయి ఎవరిదో కూడా చూసుకో. మొగులు (మబ్బు) పట్టి చల్లబడితే బస్సు కిటికీ పక్కన కూర్చున్నాయనకు సుఖమే. అదే మొగులు మాఘమాసంలో కొల్లాపూర్ మామిడితోటల మీద నాలుగు రోజులు నిలిస్తే పూతకు తేనెమంచు పురుగు, బూడిద తెగులు. తోట రైతు నోట అప్పుడు "సల్లగుంది" రాదు, "మొగులు ఇడుస్తలేదు" అంటడు. మిరుగు (మృగశిర) కార్తెల తొలి వాన పడ్డనాడు ఆయనే "సల్లవడ్డది" అని మనసారా అంటడు.

మనుషుల మాటల్లో 'సల్లగ' పెట్టు, నీ కథనంలో 'చల్లగా' ఉండనియ్యి. ఒకే మనిషి నోట రెండూ కలపకు.

ఆ పేరా తిరగరాసి పంపు. కూలీలు చేనుకు ఎన్నింటికి వచ్చిన్రో అందులో తేల్చు. పది దాటినంక వచ్చినట్టయితే గట్టు మీద కూర్చోబెట్టకు, నేరుగా సాళ్లలోకి దింపు.

నీ అన్న