చారల సంగతి తర్వాత, ముందు మెడ చూడండి

ప్రశ్న: పద్దెనిమిదో శతాబ్దపు పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ తరహాలో, మూతి నుంచి మందూ గుండూ దట్టించే రైఫిల్ ఒకటి సొంతంగా చేస్తున్నాను. బ్యారెల్ (గొట్టం) 42 అంగుళాలు. స్టాక్ కోసం, అంటే బ్యారెల్‌ని మోసే చెక్క భాగం కోసం, రెండు మేపుల్ చెక్కలు చూశాను. ఒకటి నిండా పులిచారలతో కళ్లు తిప్పుకోనివ్వడం లేదు, కానీ తేలిగ్గా ఉంది. రెండోది సాదాగా, బరువుగా ఉంది. నాకిది మొదటి పని. ఏది కొనమంటారు? వాల్‌నట్ వాడితే తప్పా?

జవాబు: రెండోదే కొనండి. అయితే డబ్బు ఇచ్చే ముందు ఒక్కటి చూడండి.

స్టాక్‌లో చెయ్యి పట్టుకునే సన్నటి భాగాన్ని నేను మెడ అంటాను. చెక్క విరిగేది ఎక్కువగా అక్కడే. అసలే సన్నం, పైగా లాక్ (మందు పేల్చే యంత్రాంగం) కోసం, ట్రిగ్గర్ కోసం, బ్యారెల్ తోక (వెనక చివరి పట్టీ) కోసం ఆ చుట్టుపక్కలే తొలుస్తాం. చివరికి మిగిలే చెక్క చాలా తక్కువ. ఆ కాస్త చెక్కలో నార, అంటే చెక్క పీచులు సాగే దారి, మెడ పొడవునా సాగి మడమలోకి, అంటే భుజానికి ఆనించే వెనక భాగంలోకి, దిగాలి. మధ్యలోనే అడ్డంగా బయటికి వచ్చేస్తే ఆ గీత వెంబడే విరుగుతుంది.

నా రెండో రైఫిల్‌కి నేనూ చారలు చూసే చెక్క కొన్నాను. చారలు అడ్డంగా ఉంటాయి, నార పొడవుగా పోతుంది. అడ్డచారలు చూస్తూ పొడుగు నారను పట్టించుకోలేదు. మెడ దగ్గర అది రెండంగుళాల్లోనే ఇటు నుంచి అటు దాటిపోయింది. చెక్కడం, నూనె పట్టించడం అన్నీ అయ్యాక ఒక రోజు బల్ల మీద నుంచి జారి పడింది. మెడ దగ్గర రెండు ముక్కలు. ఆరు నెలల పని. ఇప్పటికీ ఆ శబ్దం గుర్తుంది.

అందుకే రైఫిల్ ఆకారాన్ని అట్ట మీద గీసి, కత్తిరించి, చెక్క మీద పెట్టి చూడండి. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నార గీతలు తేలతాయి. రెండు పక్కలా చూడాలి, ఒక పక్క బాగుండి రెండో పక్క మోసం చేసే చెక్కలు చాలా ఉన్నాయి. మెడ కాస్త కిందికి వంగుతుంది కాబట్టి నార కూడా అదే వంపులో దిగితే అంతకంటే అదృష్టం లేదు. ముందుభాగంలో మాత్రం బ్యారెల్‌తో సమాంతరంగా ఉంటే చాలు.

చారల చెక్క తేలిగ్గా ఉందన్నారు. గోటితో గట్టిగా నొక్కండి. గుంట సులువుగా పడితే అది మెత్తటి మేపుల్. అలాంటి దాని మీద ఉలి పెడితే అంచులు పీచులుగా లేస్తాయి. గట్టి మేపుల్‌లో కూడా చారలుంటే చిత్రిక పట్టేటప్పుడు పెచ్చులు ఊడతాయి, స్క్రేపర్‌తో ఓపిగ్గా గీకాలి. మొదటి పనికి ఆ టెన్షన్ వద్దు.

ఆరిందో లేదో కూడా చూడాలి. బ్యారెల్ గాడి తీశాక ముందుభాగంలో గోడలు ఒక్కోచోట ఎనిమిదో వంతు అంగుళమే మిగులుతాయి. పచ్చి ఉంటే అది వంకర తిరగడం ఖాయం. గాలికి ఆరబెట్టే చెక్కకు అంగుళం మందానికి సుమారు ఏడాది అని లెక్క. కొన్నాక వారం వారం తూకం వేయండి. బరువు తగ్గడం ఆగాకే ఉలి పట్టండి.

వాల్‌నట్ తప్పేమీ కాదు. మీ తరహా రైఫిళ్లలో మేపుల్ ఎక్కువ, కానీ వాల్‌నట్, చెర్రీ చెక్కతో చేసినవీ ఉన్నాయి. వాల్‌నట్ ఉలికి బాగా లొంగుతుంది. రంధ్రాలు మాత్రం పెద్దవి, నునుపు రావాలంటే వాటిని పూడ్చాలి.

సాదా మేపుల్ వెలవెలబోతుందని దిగులు పడకండి. నైట్రిక్ ఆమ్లంలో ఇనుము కరిగించిన ద్రావణాన్ని పూసి వేడి చూపిస్తే చెక్క ఎర్రటి గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఆ పని ఆరుబయట, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకునే చేయాలి. ఆ పైన అవిసె నూనె పట్టిస్తే, కంటికి కనిపించని సన్నటి చారలు కూడా కొన్ని బయటపడతాయి.

ఇంకోసారి వెళ్లినప్పుడు అట్ట నమూనా వెంట తీసుకెళ్లండి. మెడ పడే చోట ముడి గానీ, చివర నుంచి పాకిన పగులు గానీ కనిపిస్తే, ఆ సాదా చెక్కనూ అక్కడే వదిలేసి రండి.