కాలేయ చిప్‌లో విషప్రభావం కనిపించడం లేదా? ముందు గోడలను అనుమానించండి

మనుషుల కాలేయాన్ని దెబ్బతీస్తుందని తెలిసిన మందునే మీ పీడీఎంఎస్ కాలేయ చిప్‌లో (సన్నని కాలువల్లో కాలేయ కణాలను పెంచే చిన్న పరికరం) మూడు రోజులు పారించినా కణాలు నిక్షేపంలా ఉన్నాయని, ఇక ఎలుకల మీదే పరీక్షించాలేమోనని రాశారు. తొందరపడకండి.

మీ చిప్ గోడలకు వాడిన పీడీఎంఎస్ ఒక రకం సిలికాన్ రబ్బరు. పారదర్శకం, గాలి ఆడుతుంది, అచ్చు పోయడం తేలిక. కానీ నీటిలో సరిగా కరగని, కొవ్వును ఇష్టపడే చిన్న అణువులను స్పాంజిలా పీల్చేస్తుంది. మీరు పంపిన మోతాదు ఒకటి, కణాలకు అందినది మరొకటి!

కణాలు లేని ఖాళీ చిప్‌లో అదే మందును అదే వేగంతో పంపి, లోపలికి వెళ్లే ద్రవంలోనూ బయటికొచ్చే ద్రవంలోనూ గాఢతను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో (అణువులను బరువును బట్టి గుర్తించే యంత్రం) కొలవండి. పెద్ద తేడా ఉంటే దొంగ దొరికినట్టే. సిలికాన్ గొట్టాలనూ వదలకండి, అవీ ఆ బాపతే. అప్పుడు మందును అంతగా పీల్చని గాజు చిప్‌కో, సైక్లిక్ ఒలెఫిన్ అనే ప్లాస్టిక్ చిప్‌కో మారడం మేలు. ప్రవాహం పెంచినా నష్టం కొంత తగ్గుతుంది గానీ, మరీ పెంచితే ఆ రాపిడికే కణాలు దెబ్బతింటాయి.

ద్రవంలో సీరం (రక్తం నుంచి తీసే, ప్రోటీన్లు నిండిన ద్రవం) కలుపుతున్నారా? ప్రోటీన్లకు అంటుకున్న మందు కణాల్లోకి వెళ్లదు. 870 కాలేయ చిప్‌లతో 27 మందులను పరీక్షించిన 2022 నాటి అధ్యయనంలో, ఈ అంశాన్ని లెక్కలోకి తీసుకున్నాకే విషపూరిత మందుల గుర్తింపు 80 నుంచి 87 శాతానికి పెరిగింది.

గాఢత సరిగానే ఉందని తేలితే, కణాలు ఆరోగ్యంగా పనిచేస్తున్నాయో లేదో తెలియడానికి, అవి తయారుచేసే అల్బుమిన్ అనే ప్రోటీన్ స్రావం, మందులను మార్చే సీవైపీ3ఏ4 ఎంజైమ్ చురుకుదనం చూడండి. చాలా మందుల్లో అసలు విషం కాలేయం వాటిని మార్చాక పుట్టే పదార్థమే. ఆ ఎంజైమ్‌లు నిద్రపోతే మీకు ఏమీ కనిపించదు.