మైపాడు తీరంలో నడక

ప్రశ్న: పిల్లలతో మైపాడు వెళ్లి ఒడ్డు వెంబడి నడవాలని ఉంది. ఎప్పుడు వెళ్లాలి? నీళ్లలో దిగొచ్చా?
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: నెల్లూరు నుంచి ఇరవై కిలోమీటర్లు దాటి ప్రయాణం. ఆ లెక్కన బయలుదేరి సూర్యోదయానికి అక్కడ ఉండండి. మే నెలలో ఆరుకు ముందే, జనవరిలో ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. హెచ్చరిక ఉంటే వెళ్లనే వద్దు.

నడకకు పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గే సమయం మంచిది. నీరు వెనక్కి తగ్గినచోట తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పొడి ఇసుకలో పిల్లలు త్వరగా అలిసిపోతారు. పాటు వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, ముందురోజే జాలర్లను అడగండి. కారును రోడ్డు మీదే ఆపండి. ఇసుకలో కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం ఇంకా దిగిపోతుంది. మొదట టైర్లలో గాలి కొంత తగ్గించాలి.

ఇక నీళ్ల సంగతి. దయచేసి మోకాలి లోతు దాటనివ్వకండి. అలలు విరిగే రెండు చోట్ల మధ్య నీరు ప్రశాంతంగా కనిపిస్తే మోసపోకండి. ఒడ్డుకు చేరిన నీరంతా ఆ దారినే లోపలికి లాగుతుంది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, బలం అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. ఈత రానివాళ్లు తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. కాపాడేవాళ్లు కూడా దూకకుండా తాడో, ఖాళీ డబ్బానో విసరాలి.

జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. రాత్రి ఉంటే టార్చి వేయకండి.