కొత్త ఇన్‌ఛార్జి సిస్టర్‌కు: ముందు డ్యూటీ చార్టు చూడు

హన్మకొండ

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

మెడికల్ వార్డు బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. వార్డులో సిస్టర్లు డ్యూటీ రూములో ఏడుస్తున్నారని, ఇద్దరు ఉద్యోగం మానేస్తామంటున్నారని, వాళ్ల మనసు కుదుటపడటానికి యోగా క్లాసు పెట్టిస్తే బాగుంటుందా అని అడిగావు. యోగా మంచిదే. కానీ నైట్ డ్యూటీ దిగి, బస్సెక్కి పరకాలకో నర్సంపేటకో చేరి, పిల్లలను బడికి పంపాల్సిన మనిషిని మరో గంట ఆసుపత్రిలో కూర్చోబెడితే ఆ క్లాసు కూడా డ్యూటీయే అవుతుంది. లోపం వాళ్ల మనసులో ఉందనుకోకుండా ముందు నీ బల్ల మీదున్న డ్యూటీ చార్టు చూడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11, పనితో మనిషి పూర్తిగా డస్సిపోయే బర్నౌట్‌ను జబ్బుగా చెప్పలేదు. పనిచోట అదుపు చేయకుండా వదిలేసిన దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగా చెప్పింది. తీరని అలసట, పని మీద విముఖత, తాను చేసేది ఎందుకూ పనికిరావడం లేదన్న భావన దాని మూడు లక్షణాలు. కాబట్టి నవ్వుతూ పలకరించే సిస్టర్ రోగులను విసుక్కోవడం మొదలుపెడితే, మెమో రాసే ముందు గత రెండు నెలల చార్టు తీసి ఆమె ఎన్ని నైట్లు చేసిందో లెక్కపెట్టు.

చార్టును కనీసం రెండు వారాల ముందే గోడ మీద పెట్టు. నైట్లు ముగిసిన రోజు పగలంతా నిద్రకే పోతుంది కనుక దాన్ని ఆఫ్‌గా లెక్కించకు, ఆ తర్వాతే ఆఫ్ ఇవ్వు. రాత్రి ఎనిమిదికి దిగిన మనిషిని మర్నాడు పొద్దున ఎనిమిదికి రప్పించకు. సిస్టర్లు తమలో తాము డ్యూటీలు మార్చుకుంటామంటే, వార్డుకు ఇబ్బంది లేనంతవరకు అడ్డు చెప్పకు. పని భారం ఎక్కువై, దాని మీద తమ మాట చెల్లని ఉద్యోగాలే మనిషిని ఎక్కువగా కుంగదీస్తాయని పరిశోధకులు 1979 నుంచీ చెబుతూనే ఉన్నారు. ఇంకొక్క సంగతి గమనించు: కష్టమైన నైట్లన్నీ నోరెత్తలేని కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిస్టర్ల పేర్ల మీదే పడుతుంటాయి. అదే పని తక్కువ జీతానికి చేస్తున్నవాళ్లకు ఇది రెండో శిక్ష.

బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు, వీటిపై సెలవుల కోసం అదనంగా 30 శాతం ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఈ లెక్కకు మన వార్డులు ఎంత దూరంలో ఉన్నాయో నీకు చెప్పనక్కర్లేదు. మనుషులను నువ్వు తేలేవు. కానీ షిఫ్టుకు ఎందరు రోగులు, ఎందరు సిస్టర్లు అన్నది రోజూ రిజిస్టరులో రాసి, నెలకోసారి సూపరింటెండెంట్‌కు లిఖితపూర్వకంగా పంపగలవు. వానల తర్వాత డెంగీ జ్వరాలతో మంచాలు చాలనప్పుడు, మేడారం జాతరకు సెలవులు ఆపేసినప్పుడు ఆ కాగితమే నీ సిస్టర్ల తరఫున మాట్లాడుతుంది.

మన ప్రాంతపు వార్డుల్లో ఉన్న ఒక బాధ గురించి కొంచెం వివరంగా రాస్తాను. పత్తి చేల నుంచి పురుగుల మందు, గడ్డి మందు తాగిన కేసులు వస్తూనే ఉంటాయి. పారాక్వాట్ అనే గడ్డి మందు తాగిన మనిషికి విరుగుడు లేదు; ఊపిరితిత్తులు దెబ్బతింటున్నా చాలాసార్లు రోజుల తరబడి స్పృహతో మాట్లాడుతూనే ఉంటాడు, బతకాలని ఉందంటాడు. ఆక్సిజన్ ఆ నష్టాన్ని పెంచుతుంది కనుక అత్యవసరమైతే తప్ప పెట్టరు. ఆయాసపడుతున్న కొడుకుకు గాలి పెట్టమని తల్లి కాళ్లు పట్టుకుంటే, పెట్టకూడదని తెలిసిన ఇరవై మూడేళ్ల సిస్టర్ ఏం చెప్పాలి? ఆ జవాబు ఆమె చెప్పాల్సింది కాదు. డాక్టరుతో ముందే మాట్లాడి, ఆ విషయం కుటుంబానికి ఆయనే కూర్చోబెట్టి చెప్పేలా ఏర్పాటు చెయ్యి. అటువంటి మంచాన్ని వారమంతా ఒకే సిస్టర్‌కు వదలకు. మరణం జరిగిన షిఫ్టు ముగిశాక హ్యాండోవర్‌లో పది నిమిషాలు అందరూ కూర్చోండి. తప్పెవరిదని కాదు, ఏం జరిగిందని మాత్రమే మాట్లాడుకోండి.

రోగి తాలూకు వాళ్లు మీదికొస్తే సిస్టర్‌ను ఒంటరిగా నిలబెట్టకు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం ప్రకారం వైద్య సిబ్బందిపై దాడి నాన్‌బెయిలబుల్ నేరం; ఫిర్యాదు సంస్థ తరఫున వెళ్లేలా పట్టుబట్టు.

ఇవన్నీ చేసినా కొందరికి వైద్యం కావాల్సి వస్తుంది. ఆఫ్ రోజుల్లోనూ నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేక రెండు వారాలు గడిస్తే అది అలసట మాత్రమే కాకపోవచ్చు. డిప్రెషన్ ఉందేమో తెలుసుకోవడానికి వాడే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని ఆమెనే నింపుకోమను. మార్కులు 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మానసిక వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నకు ‘అసలు లేదు’ అన్నది కాక మరే జవాబిచ్చినా, ఆ రోజే, తోడుండి తీసుకెళ్లు. మందుల అల్మారా తాళం మన వాళ్ల చేతిలోనే ఉంటుందని మరచిపోకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

యూనిఫాంలో మన సైకియాట్రీ ఓపీ ముందు కూర్చుంటే సాయంత్రానికల్లా ఆసుపత్రంతా తెలుస్తుందన్న భయంతోనే చాలామంది ఆగిపోతారు. వేరే చోట చూపించుకోనివ్వు, సెలవు చీటీలో కారణం అడగకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ గోప్యతను హక్కుగా ఇచ్చింది.

వచ్చే నెల చార్టు తయారయ్యాక నాకొకసారి పంపు. అయితే సద్దుల బతుకమ్మ రాత్రికి, క్రిస్మస్ రాత్రికి నిరుడు ఎవరి పేర్లు వేశారో ఇప్పుడే తీసిపెట్టుకో. ఆ రెండు డ్యూటీలూ ఎవరెవరు మార్చుకుంటారో వాళ్లనే అడిగి రాయి.

ఆశీస్సులతో,
మీ పాత సూపరింటెండెంట్